దూరపు చూపు మసకబారితే: ఇంట్లో పరీక్ష నుంచి ఆపరేషన్ గది దాకా

నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం నిలబడిన పదేళ్ళ పిల్లవాణ్ణి ఒకసారి గమనించండి. బస్సు ఆవరణలోకి మలుపు తిరగగానే పక్కనున్న పిల్లలు బోర్డు చదివేసి పరుగెత్తుతారు. వీడు మాత్రం కళ్ళు చికిలించి చూస్తూ, కండక్టరు కేక వినిపించేదాకా కదలడు. ఇంటికి వెళ్ళాక అదే పిల్లవాడు ఫోనులో చీమంత అక్షరాలు తడుముకోకుండా చదువుతాడు, నానమ్మ సూదిలో దారం ఎక్కిస్తాడు. అందుకే ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు. దగ్గర బాగా కనిపించి దూరం మసకబారడమే ఈ లోపం లక్షణం. పుస్తకాల్లో దీని పేరు హ్రస్వదృష్టి, మన వాడుకలో ‘సైటు’.

ఈ జిల్లాలో కళ్ళ పరీక్షలు చేయడం నా వృత్తి. నాకూ మైనస్ ఐదు ఉంది. ఏడో తరగతిలో బడివాళ్ళు నాగార్జునసాగర్ తీసుకువెళ్ళినప్పుడు అందరూ ఆనకట్ట గేట్లు లెక్కపెడుతుంటే నేను పక్కవాడి నోటి నుంచి వచ్చిన 26ను నా లెక్కగా మాస్టారికి అప్పజెప్పాను. నాకు కనిపించింది ఒక బూడిదరంగు గీత. మిగతావాళ్ళకు అంతకంటే ఎక్కువ కనిపిస్తోందని అప్పుడు తోచలేదు. సైటు ఉన్న పిల్లలు చూపు తగ్గిందని ఫిర్యాదు చేయకపోవడానికి కారణం అదే. లోకం అలాగే ఉంటుందనుకుంటారు. కాబట్టి కనిపెట్టాల్సింది పెద్దలే.

కంట్లో జరిగేది

పాత టూరింగ్ టాకీసును గుర్తు చేసుకోండి. యంత్రాన్ని సరిచేసి బొమ్మను తెర మీద స్పష్టంగా నిలబెట్టాక, ఎవరో తెరను నాలుగడుగులు వెనక్కి జరిపారనుకోండి. యంత్రంలో లోపం లేదు, తెరలో లోపం లేదు, అయినా బొమ్మ మసక. కంట్లో తెర అంటే రెటీనా. పెద్దవారి కంటి గుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పెరిగే వయసులో అది అవసరానికి మించి సాగితే దూరపు వస్తువుల బొమ్మ రెటీనాకు ముందే కుదురుతుంది. ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే దాదాపు రెండున్నర నుంచి మూడు పాయింట్ల మైనస్ వస్తుంది. పాయింటంటే అద్దం బలానికి కొలత. కొందరిలో గుడ్డు పొడవు మామూలుగానే ఉండి ముందున్న నల్లగుడ్డు, అంటే కార్నియా అనే పారదర్శక పొర, వంపు ఎక్కువ కావచ్చు, కానీ బడి పిల్లల్లో ఎక్కువగా చూసేది సాగుడే.

ఈ మార్గదర్శి అంతా ఆ సాగుడు చుట్టూనే తిరుగుతుంది. ఒకసారి సాగిన గుడ్డు తిరిగి కుదించుకోదు. కళ్ళద్దాలు బొమ్మను వెనక్కి నెట్టి రెటీనా మీద పడేస్తాయి, అంతే. క్యారట్లు, మునగాకు, కంటి వ్యాయామాలు, ఉదయాన్నే నోటిలో నీళ్ళు పట్టి కళ్ళు కడగడం, ఇవేవీ ఆ మిల్లీమీటరును వెనక్కి తేలేవు. ‘ఎ’ విటమిన్ లోపంతో వచ్చే రేచీకటి వేరే జబ్బు, దానికి ఆకుకూరలు పనికొస్తాయి. సైటుకు కాదు. అయితే ఆరేళ్ళ నుంచి పదహారేళ్ళ మధ్య సాగుడు వేగాన్ని తగ్గించడం మాత్రం మన చేతిలో చాలావరకు ఉంది.

తల్లిదండ్రులిద్దరికీ సైటు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. దానికి తోడు గంటల తరబడి దగ్గరి చదువు, పగటి వెలుతురులో తిరగకపోవడం. ఈ విషయంలో మన పాలమూరుకు ఒక చిన్న చరిత్ర ఉంది. 2000–2001లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ మధ్య పిల్లలు 4,074 మందిని పరీక్షించారు. వారిలో 4.1 శాతం మందికి హ్రస్వదృష్టి కనిపించింది. దాదాపు అదే పద్ధతిలో ఢిల్లీ నగర పిల్లలను పరీక్షిస్తే 7.4 శాతం వచ్చింది. అప్పటి పల్లె పిల్లలు చెలకల్లో, చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళు. ఇప్పుడు పల్లె పిల్లలూ గురుకులాల్లో, ట్యూబులైట్ల కింద స్టడీ అవర్లలో ఉన్నారు. చదువు వద్దనడం నా ఉద్దేశం కాదు, వెలుతురు లెక్క మారిందని మాత్రమే.

మొదటి పని: ఇంట్లో అనుమానం తీర్చుకోవడం

పగటిపూట, వెలుతురున్న వరండాలో చేయండి. తెల్లకాగితం మీద నల్లస్కెచ్ పెన్నుతో 9 మిల్లీమీటర్ల ఎత్తున్న అంకెలు ఐదారు రాసి గోడకు అతికించండి. ఆరు మీటర్ల దూరంలో, అంటే సుమారు ఇరవై అడుగుల్లో పిల్లవాణ్ణి నిలబెట్టండి. ఒక కన్ను మూసి రెండో కంటితో చదివించాలి. రెండు కళ్ళూ తెరిచి చదివిస్తే మంచి కన్ను చెడ్డ కంటి బండారం దాచేస్తుంది. ఒక కన్ను పూర్తిగా మసకగా ఉన్న సంగతి పదో తరగతిలో బయటపడిన పిల్లలు నాకు తెలుసు. మూసే కన్నును అరచేతితో నొక్కకూడదు, అట్టముక్కో పాత పోస్టుకార్డో అడ్డం పెడితే చాలు. చికిలించి చూస్తే ఆపండి. చికిలించడమంటే కనురెప్పల సందులోంచి దొంగచూపు చూడటమే, దానితో లోపం తాత్కాలికంగా కప్పబడిపోతుంది.

ఆ దూరం నుంచి ఆ అంకెలు చదవగలిగితే చూపు దాదాపు 6/6, అంటే మామూలు చూపే. చదవలేకపోతే ఇంకొక చిన్న పరీక్ష. అట్టముక్కకు గుండుసూదితో ఒక బెజ్జం చేసి, దానిలోంచి చూడమనండి. బెజ్జంలోంచి అంకెలు తేటపడితే అది అద్దాలతో సరిపోయే లోపమని చాలావరకు నమ్మవచ్చు. బెజ్జంలోంచి కూడా కనిపించకపోతే సంగతి వేరు, అద్దాల దుకాణానికి కాకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సైటు ఉందని తేలాక, ఎంత ఉందో ఉజ్జాయింపుగా తెలుసుకునే మార్గం దర్జీ టేపు. ఒక కన్ను మూసి, అద్దాలు లేకుండా, పత్రికలోని చిన్న అక్షరాలను కంటికి దగ్గరగా పెట్టుకుని నెమ్మదిగా దూరం జరపాలి. అక్షరాల అంచులు మొదటిసారి చెదిరిన చోట ఆగి, కంటి నుంచి కాగితం దాకా కొలవాలి. 100ను ఆ సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేదే మైనస్ సంఖ్య. 50 సెంటీమీటర్ల దగ్గర చెదిరితే మైనస్ రెండు, 40 దగ్గర అయితే రెండున్నర, 25 దగ్గర అయితే నాలుగు. నా మైనస్ ఐదు లెక్కన అద్దాలు తీస్తే నా లోకం జానెడు దూరంలో ముగిసిపోతుంది. వంపు తేడా, అంటే సిలిండర్ ఉన్నవాళ్ళకు ఈ లెక్క సరిగ్గా రాదు. ఈ సంఖ్యతో అద్దాలు చేయించుకోవద్దు. తీవ్రత ఎంతో తెలియడానికి మాత్రమే ఇది.

ఎక్కడికి వెళ్ళాలి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రులున్నాయి. అక్కడి కంటి విభాగానికి ఉదయమే వెళితే మంచిది. పెద్ద సమస్య అయితే హైదరాబాదులో మెహదీపట్నం దగ్గరి సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. బడి పిల్లలకైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు వస్తాయి, ఎప్పుడు వస్తారో ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. 2018 ఆగస్టు 15న, మళ్ళీ 2023 జనవరిలో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పెద్దల దగ్గరి చూపు అద్దాల సంగతేమో గాని, పెరిగే పిల్లవాడికి రెండేళ్ళ నాటి అద్దం పాత చొక్కాలాంటిదే, పట్టదు.

చుక్కలు వేసి చేసే పరీక్ష

అందరూ దాటవేయాలని చూసే మెట్టు ఇదే, నేను అసలు వదలనిదీ ఇదే. పిల్లల కంటిలో దగ్గరి చూపును కుదిర్చే కండరం చాలా చురుకైనది. పరీక్ష యంత్రంలోకి చూస్తున్నప్పుడు అది బిగుసుకుంటే లేని మైనస్ పుట్టుకొస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక హాస్టల్ అమ్మాయి పరీక్షల నెలలో తలనొప్పితో వచ్చింది. పట్టణంలో ఒక దుకాణంలో కంప్యూటర్ పరీక్ష చేసి మైనస్ మూడని చీటీ ఇచ్చారు, అద్దాలూ చేయించుకుంది. పెట్టుకుంటే తల తిరుగుతోందట. చుక్కలు వేసి, కండరం సడలాక చూస్తే మైనస్ ముప్పావు. రోజుకు పన్నెండు గంటలు పుస్తకం మీద బిగుసుకున్న కండరం మిగతా రెండుంపావు పాయింట్లను కల్పించింది. ఆ పాత అద్దాలే కొనసాగి ఉంటే ఆ బిగువు తీరేది కాదు.

ఎలా ఉంటుందో ముందే తెలిస్తే పిల్లలు భయపడరు. చుక్క పడగానే చురుక్కుమంటుంది, నిమిషంలో తగ్గుతుంది. కొంత వ్యవధితో మళ్ళీ వేస్తారు. ముప్పావుగంట నుంచి గంట వరకు కూర్చోబెడతారు. కంటిపాప పెద్దదై ఎండ గుచ్చుకుంటుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. మామూలు చుక్కలైతే మర్నాటికి సర్దుకుంటుంది. చిన్నపిల్లలకు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ వాడితే వారం, పది రోజులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పట్టవచ్చు. కాబట్టి పరీక్షల ముందు వారంలో వెళ్ళకండి, దసరా సెలవులకు పెట్టుకోండి. టోపీ తీసుకువెళ్ళండి. పిల్లవాణ్ణి బండి మీద వెనక కూర్చోబెట్టుకుని మిట్టమధ్యాహ్నం మిర్యాలగూడ రోడ్డు మీద ఎండకెదురుగా వెళితే వాడు మరోసారి పరీక్షకు రమ్మంటే రాడు.

చీటీ చదవడం

చీటీ మీద ఆర్‌ఈ లేదా ఓడీ అంటే కుడి కన్ను, ఎల్‌ఈ లేదా ఓఎస్ అంటే ఎడమ కన్ను. స్ఫియర్ కింద మైనస్ గుర్తుతో ఉన్నది సైటు. సిలిండర్ కింద ఉన్నది కంటి వంపులోని తేడా, యాక్సిస్ అనేది ఆ వంపు ఏ కోణంలో ఉందో చెప్పే డిగ్రీలు. −2.50, −0.75, 180 అని ఉంటే రెండున్నర పాయింట్ల సైటు, ముప్పావు పాయింటు సిలిండర్, అది 180 డిగ్రీల గీత మీద అని అర్థం. మైనస్ గుర్తు స్పష్టంగా ఉందో లేదో చూడండి. ఆ చిన్న అడ్డగీత జారిపోయి ప్లస్ అద్దం తయారైతే పిల్లవాడు బోర్డును ఇంకా మసకగా చూస్తాడు, తప్పు వాడిదే అనుకుంటారు.

ఈ చీటీలను పారేయకండి. రేషన్ కార్డు దాచే సంచిలోనే దాచండి. ఒక్క చీటీ ఈ రోజు సంగతి చెబుతుంది, నాలుగు చీటీలు వరుసగా పెడితే ఏడాదికి ఎంత పెరుగుతోందో తెలుస్తుంది. డాక్టరుకు చికిత్స నిర్ణయించడానికి కావాల్సింది ఆ రెండోదే.

అద్దాలు

‘ఇప్పుడే పెడితే కళ్ళు అద్దాలకు అలవాటు పడి ఇంకా పెరుగుతుంది’ అనే మాట ప్రతి వారం వింటాను. జరిగేది ఏమిటంటే, పెరిగే వయసులో అద్దాలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా గుడ్డు సాగుతూనే ఉంటుంది, నింద అద్దాల మీద పడుతుంది. కొందరు రాజీగా సగం పాయింట్లే వేయించమని అడుగుతారు. ఆ రాజీనీ పరీక్షించి చూశారు. తక్కువ పాయింట్ల అద్దాలు పెట్టుకున్న పిల్లల్లో సైటు నెమ్మదించలేదు, పైగా కొంత వేగంగానే పెరిగినట్టు 2002లో వెలువడిన ఒక మలేషియా అధ్యయనంలో తేలింది. కాబట్టి డాక్టరు రాసినంతా వేయించాలి, మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకోవాలి. ఎంత తక్కువ సైటుకు ఎప్పుడెప్పుడు పెట్టుకుంటే చాలో డాక్టరే చెబుతారు.

ఇంకొకటి, ఆడపిల్లలకు ‘పెళ్ళి సంబంధాలకు అడ్డం’ అని అద్దాలు దాచిపెట్టే ఇళ్ళు. ఎనిమిదో తరగతి పిల్ల బోర్డు కనిపించక లెక్కల్లో వెనకబడుతుంటే, పదేళ్ళ తరువాత వచ్చే పెళ్ళివారి కోసం ఆ పిల్ల చదువును పణంగా పెట్టడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. దీని మీద ఇంతకంటే మర్యాదగా మాట్లాడటం నాకు రాదు.

పిల్లలకు పాలీకార్బొనేట్ అద్దాలు అడగండి, బంతి తగిలినా గాజులా పగలవు. ఫ్రేము ముక్కు మీద నుంచి జారకూడదు, కళ్ళు అద్దం మధ్యలో ఉండాలి. చొక్కా అంచుతో పొడిగా తుడిస్తే మన ఎర్రమట్టి దుమ్ము అద్దం మీద గీతలు గీస్తుంది. ముందు నీళ్ళతో కడిగి, తరువాత మెత్తటి గుడ్డతో అద్దాలి.

వేగం తగ్గించడం

అన్నిటికంటే చౌకైనది ఎండ. వెలుతురును కొలిచే లక్స్ లెక్కన మధ్యాహ్నపు ఎండ లక్ష దాకా ఉంటుంది, తరగతి గదిలో కొన్ని వందలే. ఆరుబయట వెలుతురుకు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం ఊరి, గుడ్డు సాగకుండా అదుపు చేస్తుందని పరిశోధకుల అంచనా. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ళలో వారిలో కొత్తగా సైటు వచ్చినవారు 30.4 శాతం, అలా చేయని బడుల్లో 39.5 శాతం. రోజుకు రెండు గంటలు లక్ష్యంగా పెట్టుకోవాలి. సైటు రాకముందు దీని ప్రభావం ఎక్కువ, వచ్చాక తక్కువ. కాబట్టి పెద్దవాడికి అద్దాలు వచ్చాయంటే చెల్లెల్ని బయటికి తరమండి.

ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండలో రెండు గంటలు ఎలా అంటారు. నడినెత్తిన ఎండలో నిలబెట్టనక్కరలేదు. వేపచెట్టు నీడలో కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది, గదిలోకంటే ఎన్నో రెట్లు. పొద్దున ఎనిమిదిలోపు ఒక గంట, సాయంత్రం ఐదు తరువాత ఒక గంట, తలకు టోపీ. సూర్యుణ్ణి నేరుగా చూడనీయకూడదు. చెట్టు కింద కూర్చుని ఫోను చూస్తే ఈ లెక్కలో సగమే వేసుకోండి.

చదివేటప్పుడు పుస్తకం పిల్లవాడి మూరెడు దూరంలో ఉండాలి, మోచేయి నుంచి వేలికొన వరకు. పడుకుని చదవడం ఆ దూరాన్ని దొంగిలిస్తుంది. ఇరవై నిమిషాలకోసారి లేచి కిటికీ బయటికి చూస్తే కండరం సేద తీరుతుంది. దానివల్ల ఉన్న పాయింట్లు తగ్గవు.

ఏడాదికి అర పాయింటు మించి పెరుగుతుంటే మందు గురించి డాక్టరుతో మాట్లాడే సమయం వచ్చినట్టే. రాత్రి పడుకునే ముందు ఒక్కో కంట్లో ఒక్కో చుక్క చొప్పున అతి తక్కువ మోతాదు అట్రోపిన్ వేస్తారు. మన దగ్గర ఎక్కువగా రాసేది 0.01 శాతం. హాంకాంగ్‌లో 0.01, 0.025, 0.05 శాతాలను పోల్చి చూసినప్పుడు 0.05 బాగా పనిచేసింది. ఏది, ఎన్నాళ్ళు అన్నది పిల్లవాడిని బట్టి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే సైటు మళ్ళీ పుంజుకోవచ్చు, కాబట్టి ఆపడమూ డాక్టరు చెప్పినట్టే. మందుల దుకాణంలో సీసా మీద అంకె స్వయంగా చదవండి. 1 శాతం అట్రోపిన్ కూడా అదే పేరుతో అమ్ముతారు, అది 0.01కి నూరు రెట్లు. మన చేలగట్ల మీది ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ ఉంటుందని ఒక పెద్దాయనకు చెబితే ‘అయితే పసరు పిండొచ్చా’ అన్నాడు. పిండకూడదు. ఏ ఆకు పసరూ, తేనె, ఉల్లిరసం కంట్లో వేయకూడదు. నల్లగుడ్డు మీద పుండు పడితే మిగిలే తెల్లమచ్చను అద్దాలు సరిచేయలేవు.

సాగుడును అదుపు చేసేలా మధ్యలో దూరపు చూపుకు, చుట్టూ చిన్న చుక్కల్లాంటి కటకాలతో తయారైన ప్రత్యేక అద్దాలూ వస్తున్నాయి. బాగానే పనిచేస్తాయి, మామూలు అద్దాల ధరకు ఎన్నో రెట్లు. రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే గట్టి కాంటాక్ట్ లెన్సులు ఇంకొకటి. శుభ్రతలో ఏమాత్రం తేడా వచ్చినా కంటికి ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉంది గనుక, బోరునీళ్ళతో నడిచే ఇళ్ళలో నేను సలహా ఇవ్వను. ఏ చికిత్సలో ఉన్నా ఆరు నెలలకోసారి పరీక్ష.

పద్దెనిమిది దాటాక

కాంటాక్ట్ లెన్సులు వాడేవారు వాటిని కుళాయి నీళ్ళతో కడగకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు, కన్ను ఎర్రబడితే వెంటనే తీసేయాలి. లేజర్ ఆపరేషన్‌కు పద్దెనిమిది నిండి, కనీసం ఏడాదిగా పాయింట్లు మారకుండా ఉండాలి. లేజర్ నల్లగుడ్డును చెక్కి పలచన చేస్తుంది. దాని మందమే అర మిల్లీమీటరు చిల్లర, కాబట్టి ముందుగా మందం, వంపుల పటం తీయించాలి. సరిపోనివారికి కంటి లోపల అమర్చే లెన్సు మరో దారి. పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం చేయించుకునేవారు ఆ నోటిఫికేషన్‌లోని చూపు నిబంధనలు ముందే చదవాలి, కొన్ని ఉద్యోగాలకు లేజర్ చేయించుకున్నవారిని తీసుకోరు.

లేజర్ తరువాత అద్దాలు పోతాయి గాని గుడ్డు పొడవు అలాగే ఉంటుంది. మైనస్ ఆరు దాటినవాళ్ళలో సాగిన గుడ్డుతోపాటు రెటీనా పలచబడుతుంది, గ్లకోమా (నీటికాసులు), శుక్లం ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ అయినా ఏడాదికోసారి పాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి కంటిముందు మెరుపులు, నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగుతున్నట్టు నీడ కనిపిస్తే అది రెటీనా ఊడుతున్న సంకేతం కావచ్చు. నొప్పి ఉండదు గనుక రేపు చూద్దామనిపిస్తుంది. ఆ రోజే బస్సెక్కాలి.

ఎండాకాలంలో దురదతో కళ్ళు అదేపనిగా నలుపుకునే పిల్లల్లో సిలిండర్ ఏటా పెరుగుతుంటే నల్లగుడ్డు శంకువులా ముందుకు పొడుచుకొస్తోందేమో చూపించాలి. చక్కెర జబ్బున్నవారికి రెండు వారాల్లో దూరపు చూపు మసకబారితే ముందు రక్తంలో చక్కెర చూసుకోవాలి, అది అదుపులోకి వచ్చేదాకా కొత్త అద్దాలకు డబ్బు పెట్టకూడదు. అరవై దాటిన నానమ్మ ఒకరోజు చత్వారం అద్దాలు పక్కన పెట్టి, ‘దేవుడి దయ, చూపు తిరిగొచ్చింది’ అంటూ సూదిలో దారం తానే ఎక్కిస్తే మాత్రం సంబరపడకండి. కంటిలోని కటకం ముదిరి శుక్లం మొదలైనప్పుడు కొత్తగా మైనస్ వచ్చి దగ్గరి చూపు కొన్నాళ్ళు అలా మెరుగవుతుంది. ఆమెను గుమ్మం దగ్గర నిలబెట్టి, ఎదురింటి అరుగు మీద ఎవరు కూర్చున్నారో అడగండి.